గోడ పొడవునా రంపం

కారు అద్దం మీద మంచు గీకడం కూడా ఇంటిపనే అని నాకు ఆలస్యంగా తెలిసింది. వంట చేస్తే, బట్టలు మడతపెడితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు థాంక్స్ అంటారు. దీనికి ఎవరూ అనరు. అది జరిగే వేళకి ఇంట్లో ఎవరూ నిద్ర లేచి ఉండరు మరి. అమెరికా ఉత్తరపు కొసన, డులూత్‌కి పైనున్న మా ఊళ్ళో అక్టోబరులో మొదలైందంటే ఏప్రిల్ దాకా ఇదే వరస. స్కూలు వంటింట్లో పిల్లల టిఫిను నా చేతిమీదుగా నడవాలి కాబట్టి నేను చీకటితోనే బయల్దేరాలి. చేతిలో ప్లాస్టిక్ గీకుడుబద్ద పట్టుకుని బరబరా గీకుతూ ఉంటే గ్యారేజీ కిటికీలోంచి మా ఆయన పికప్పు ట్రక్కు కనిపిస్తుంది, లోపల వెచ్చగా, మీద ఒక్క మంచు రవ్వ లేకుండా. మా ఆయన పేరు డ్వేన్. కాగితం మిల్లు నుంచి రిటైరయ్యాడు. పొద్దున్నే వెళ్ళాల్సిన చోటు అతనికీ లేదు, ఆ ట్రక్కుకీ లేదు.

అతన్ని తిట్టకండి, నా కారు చోటు నేనే వదులుకున్నాను. మా గ్యారేజీలో రెండు బళ్ళు పడతాయి. పోయిన ఏడాది కాలేజీలో సాయంత్రాలు నేర్పే వడ్రంగం క్లాసులో చేరాను. ఆ పక్క గదిలోనే కేకుల మీద క్రీము పూలు వెయ్యడం కూడా నేర్పుతున్నారు గానీ, స్కూలంతటికీ వండి వచ్చినదాన్ని మళ్ళీ ఆ కేకు మొహం ఏం చూస్తాను. చేరతానంటే డ్వేన్ "అవసరమా?" అన్నాడు. అది అతని ఊతపదం. కోపంగా అనడు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడుగుతాడు. అంట్లు తోమే మిషను కొందామంటే అవసరమా. వంటింటి కిటికీ దగ్గర నాకో కుర్చీ వేసుకుంటానంటే అవసరమా, అయినా నువ్వు కూర్చునేదెప్పుడు, అని నవ్వాడు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే నిజం. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ ఇంట్లో నేను ఎక్కడ కూర్చుంటానో నాకే తెలియదు.

క్లాసులో మొదటిసారి చిత్రిక పట్టిన రోజున చెక్క మీంచి పలచటి చుట్ట ఒకటి లేచి నా మణికట్టు మీద పడింది. వాసన చూసి ఏప్రన్ జేబులో దాచుకున్నాను. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, కుర్చీ కాదు, వంటింటి కిటికీ పొడవునా బెంచీ చేసుకుంటాను, నా చేత్తో. మేపుల్ చెట్టు పలక ఒకటి, మనిషికన్నా పొడుగుది, ఏరుకుని తెచ్చుకున్నాను. డ్వేన్‌తో బేరం పెట్టాను. నా కారు బయట ఉంటుంది, చలికాలమంతా మంచు నేను గీక్కుంటాను, ఆ చోటులో నాకు పనిబల్ల కావాలి. అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. పైగా పనిముట్లు తగిలించడానికి చిల్లుల పలక కూడా బిగించిపెట్టాడు.

తర్వాత నా పుట్టినరోజు వచ్చింది. కళ్ళు మూయించి గ్యారేజీలోకి నడిపించుకెళ్ళాడు. తెరిస్తే మైటర్ రంపం. కావలసిన కోణానికి తిప్పి చెక్కని ఒక్క దెబ్బన అడ్డంగా తెంపే కరెంటు రంపం అది, పెద్ద రకం, ఎర్ర రిబ్బను కట్టి మరీ పెట్టాడు. పొడుగు చెక్కలు ఆనడానికి కుడివైపు ఒక రెక్క, ఎడమవైపు ఒక రెక్క. దాని తల వెనక్కీ ముందుకీ జరుగుతుంది కాబట్టి గోడకి ఎడంగా జరపాలి. జరిపేసరికి ఆ గోడంతా దానిదే అయిపోయింది. నా పనిబల్ల నీళ్ళు కాచే ట్యాంకు పక్క మూలకి వెళ్ళింది, తాత్కాలికంగా. మేపుల్ పలక ఆ ట్యాంకు వెనక నిలబడింది. దాన్ని అడ్డంగా పడుకోబెట్టే జాగా ఆ మూలలో లేదు. "నీకోసమే," అన్నాడు డ్వేన్, మొహమంతా వెలిగిపోతూ. ఆ వెలుగు చూసి నేను కూడా నవ్వాను. దీన్ని కొనేముందు అవసరమా అని ఎవరు అడిగారో మాత్రం నాకు తెలియలేదు.

న్యాయంగా చెప్పుకోవాలి, రంపం మంచిదే. కానీ నా బెంచీకి కావలసిన కోతలు కొన్నే, వాటికి రంపం వంకరపోకుండా గాట్లు పెట్టిన చెక్కపెట్టె, చేతిరంపం చాలు. ఆ కొత్త రంపంతో ఆడుకున్నదంతా డ్వేనూ, అతని స్నేహితుడు లైలూ. ఇద్దరూ కలిసి మా భోజనాల గది సీలింగు అంచుకి చెక్క పట్టీ వేశారు. ఆ పట్టీని రంపం మీద తలకిందులుగా పెట్టి కొయ్యాలని ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు, పెట్టేటప్పుడు ప్రతివాడూ మర్చిపోతాడు. వీళ్ళూ మర్చిపోయారు. మూలల్లో చెక్కలు ఒకదాన్నొకటి కలవకుండా మొహాలు తిప్పుకుని నిలబడితే సందులో పుట్టీ కూరి రంగేశారు. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా తల ఎత్తి చూడమంటాడు డ్వేన్. వాళ్ళు కింద ఉన్న కూర కూడా చూడాలి కాబట్టి ఎక్కువసేపు చూడరు.

గ్యారేజీ గోడమీది ఆ చిల్లుల పలక గురించి చెప్పాలి. ఒక్కో పనిముట్టునీ దాని మీద ఆనించి, చుట్టూ మార్కరుతో గీత గీసి, ఏది ఎక్కడ ఉండాలో ఖాయం చేశాడు డ్వేన్. సుత్తికి సుత్తి గీత, స్క్రూడ్రైవర్లకి వరసగా చిన్న గీతలు. ఏది తీసినా "తీసినచోటే పెట్టు, మార్లిస్" అంటాడు. నా చేతిరంపానికీ ఉలులకీ గీతలు లేవు. అవి పాత కాఫీ డబ్బాలో ఉంటాయి. వాటికి తీసినచోటంటూ ఉంటే కదా.

ప్రతి ఆదివారం మా అత్తగారు ఇర్మా ఫోన్ చేస్తుంది. చలి ముదిరితే ఆవిడ మొదటి ప్రశ్న ట్రక్కు లోపలే పెడుతున్నాడా అని. వాడు చిన్నప్పట్నుంచీ చలికి ఆగలేడమ్మా అంటుంది. ఆవిడ ట్రక్కు సంగతి అడుగుతోందో కొడుకు సంగతి అడుగుతోందో నాకెప్పుడూ తేలదు. నా కారు బయటుందని ఆవిడకి తెలుసు. "నీకేమ్మా, నువ్వు గట్టిదానివి," అంటుంది. మెచ్చుకోలే అది. కానీ నన్ను గట్టిదాన్నని ఎవరు మెచ్చుకున్నా, ఆ వెంటనే ఇంకో పని నా నెత్తిన పడుతుంది.

ఈ అక్టోబరులో ఓ శనివారం మధ్యాహ్నం ఊళ్ళోని చెక్కపని మగాళ్ళ సమావేశం మా గ్యారేజీలో పెట్టుకున్నారు. నెలకొకరి ఇంట్లో జరుగుతుంది. ఎవరి వంతు వస్తే వాళ్ళ భార్య హాట్‌డిష్ అనే ఓవెన్ వంటకం చేస్తుంది, ఆ నియమం మాత్రం ఎక్కడా రాసుకోలేదు. బంగాళాదుంప ముక్కలు పైన పేర్చి ఓవెన్లో పెట్టాను. డ్వేన్ మడతకుర్చీలు వెయ్యడానికి జాగా కావాలని ట్రక్కుని బయటికి తీసి వాకిట్లో పెట్టాడు. ఆరోజు చర్చకి వాళ్ళు పెట్టుకున్న విషయం, ఇంట్లో చెక్కపని చేసుకునేవాడికి మైటర్ రంపం అవసరమా కాదా.

లైల్ అవసరమనే పక్షం. అది లేని షాపు షాపే కాదన్నాడు. సన్నగా పొడుగ్గా ఉండే ఆర్డెన్ అనే పెద్దాయన, బల్లకి బిగించిన రంపం ఉంటే దాని మీద జారే చెక్కపళ్ళెం ఒకటి చేసుకుని అవే కోతలు కొయ్యొచ్చన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా. ఇంకొకాయన దుమ్ము గురించి చెప్పాడు. ఇంకొకాయన అసలు బాధ కోత కాదు, చోటు అన్నాడు. అందరూ లేచి టేపు పట్టుకుని రంపం రెక్కలు కొలిచారు, గోడ కొలిచారు, మళ్ళీ కూర్చున్నారు. ఇంత గంభీరంగా వాళ్ళు ఏ ఎన్నికల గురించీ మాట్లాడగా నేను వినలేదు.

నేను కాఫీ పాత్ర పట్టుకుని వాళ్ళ మధ్య తిరుగుతున్నాను. తిరుగుతూ తిరుగుతూ ఒకచోట ఆగిపోయాను. నేను నిలబడినచోట ఎప్పుడూ ట్రక్కు ఉంటుంది. చుట్టూ చూశాను. ఆరుగురు మగాళ్ళు కాళ్ళు బారజాపుకు కూర్చున్నా ఇంకా జాగా మిగిలింది. కిటికీలోంచి ఎండ సరిగ్గా అక్కడే పడుతోంది. ఎన్నో నెలలుగా ఆ రంపాన్ని చూసి కుళ్ళుకున్నాను. ఒక అంగుళం జరుగుతావా అని మనసులో బతిమాలుకున్నాను. ఈ గ్యారేజీలో అన్నిటికన్నా పెద్దదాని వైపు ఒక్కసారైనా చూడలేదు. అది గోడలాగా అక్కడే ఉంటుందనుకున్నాను. గోడకేమో చక్రాలున్నాయి. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

అప్పుడే లైల్ సరదాకి నా వైపు తిరిగాడు. "ఏమ్మా మార్లిస్, నువ్వూ చెక్కపని నేర్చావుగా. నువ్వు చెప్పు, ఈ రంపం అవసరమా?"

అందరూ నవ్వు మొహాలతో నన్నే చూస్తున్నారు. కాఫీ పాత్ర కింద పెట్టేశాను.

"రంపం ఉండనివ్వండి. ట్రక్కు అవసరమా?"

డ్వేన్ వాకిట్లోకి చూశాడు. ఆర్డెన్ కూడా మెడ చాపి వాకిట్లో ఉన్న ట్రక్కుని చూశాడు, గ్యారేజీని చూశాడు, ఈ ప్రశ్న కూడా ఈరోజు చర్చలో భాగమే అనుకున్నట్టు గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు.

"చెక్కపనికా? అక్కర్లేదు," అన్నాడు.

లైల్ నవ్వి నవ్వి ప్యాంటు మీద కాఫీ ఒలకబోసుకున్నాడు. "ఒరేయ్ డ్వేన్, పెద్దాయన తీర్పిచ్చేశాడురా," అన్నాడు. నాకు తెలుసు, ఆ నవ్వు చల్లారేదాకా ఆగితే కుర్చీలు మడిచి, గిన్నెలు తీసి, ట్రక్కు లోపలికి రావడానికి నేనే దారి ఇస్తాను. అందుకే ఆగలేదు. నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి నా పనిబల్ల ఒక కొస పట్టుకున్నాను. ఆ కొస కాస్త పట్టండి అని ఆర్డెన్‌ని అడిగాను. మా ఊరి మగాళ్ళలో ఒక మంచి గుణం ఉంది, బరువు మొయ్యమంటే ఎందుకని అడగరు. మిగతావాళ్ళు కుర్చీలు జరిపారు. బల్ల కిటికీ కిందికి వచ్చింది. లైలూ ఇంకొకాయనా మేపుల్ పలకని తెచ్చి దాని మీద పడుకోబెట్టారు. పలక పట్టింది. రెండు పక్కలా ఇంకా చోటు మిగిలింది. అందరి ముందూ ఏడ్చేస్తానేమోనని పలక మీది దుమ్ము తుడుస్తూ నిలబడ్డాను.

వాళ్ళంతా వెళ్ళాక డ్వేన్ ట్రక్కు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఎక్కడ పెట్టాలి దాన్ని అన్నాడు. నా కారు పక్కన అన్నాను.

"బయట చలి కదా మార్లిస్."

"చలే. నాకు తెలుసు."

అతను నోరు తెరిచాడు. ఇంత అవసరమా అనబోయాడని నాకు తెలుసు, నాకు తెలిసిందని అతనికీ తెలిసింది. డ్వేన్ చెడ్డవాడు కాదు. చెప్పేదాకా చూడడు, అంతే. నేనేమో చెప్పేదాకా వచ్చేసరికి ఇన్నేళ్ళు పట్టింది. తాళంచెవి జేబులో వేసుకుని లోపలికెళ్ళి, హాట్‌డిష్ గిన్నె నానబెట్టాడు. తోమలేదు. నానబెట్టాడు. అదే గొప్ప అనుకున్నాను.

మొదట్లో ట్రక్కుకి టార్పాలిన్ కప్పి చూశాడు. అది గడ్డకట్టి అద్దానికి అతుక్కుపోయింది. ఆదివారం ఫోన్లో వాళ్ళమ్మ అడిగితే బయటే ఉందమ్మా అన్నాడు. ఆవిడ ఏమందో నాకు వినపడలేదు గానీ, "పర్లేదమ్మా, నేను గట్టివాడినే," అనడం వినపడింది. వంటింట్లో ఉన్న నాకు చేతిలోని గరిటె జారిపోయేంత నవ్వొచ్చింది.

నవంబరులో గట్టిగా మంచు పట్టిన ఓ శనివారం పొద్దున అతను లైల్‌తో టిఫినుకి హోటలుకి బయల్దేరాడు. నాకు స్కూలు లేదు. గ్యారేజీలో బెంచీకి చివరి కాలు బిగించి, నేల మీద నిలబెట్టి, ఎగుడు దిగుడు ఉందేమోనని అటూ ఇటూ కదిపి చూస్తున్నాను. కదల్లేదు. బయట బరబరా చప్పుడు మొదలైంది. ఆగి, మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడు ఇవతలివైపు నుంచి ఇంత కమ్మగా ఉంటుందని నాకెప్పుడూ తెలియదు. బెంచీ మీద కూర్చుని విన్నాను.

కాసేపటికి తలుపు తోసుకుని వచ్చాడు, చెవులు ఎర్రగా కందిపోయి, చేతిలో నా గీకుడుబద్దతో. దీనికి ఎంతసేపు పడుతుందో తెలుసా అన్నాడు. తెలుసన్నాను. దాన్ని ఎక్కడ పెట్టాలా అని చుట్టూ వెతికాడు. అప్పుడు కనపడింది అతనికి. చిల్లుల పలక మీద, నా చేతిరంపానికీ ఉలులకీ ముందురోజు నేను గీసిన గీతల పక్కన, ఇంకో గీత. పొడుగు పిడి, వెడల్పాటి అంచు. దాని కింద అతని పేరు.

"తీసినచోటే పెట్టు, డ్వేన్," అన్నాను, లేవకుండానే.