మీసం అడ్డొచ్చిన చోట

సోమవారం పొద్దున్న, షాపు తెరవకముందే, నా కుర్చీలో నేనే కూర్చుని మీసం తీసేశాను. ముప్ఫై ఆరేళ్ల మీసం. ఊళ్లో సగం మందికి గడ్డాలు గీసిన చేత్తోనే దాన్నీ గీసేశాను. ఇంటికెళ్తే మా ఆవిడ తలుపు తీసి, ఎవరు కావాలన్నట్టు చూసింది. ఆ తర్వాత లోపలికెళ్లి ఏడ్చింది.

ఆ మీసం తీసెయ్యమని నాతో అన్నవాడు ఒక్కడే, మా అబ్బాయి. వాడు బీచ్‌లో స్కూబా డైవింగ్ నేర్పేవాడు. నీళ్ల అడుగున రాతి సందులో పాము లాంటి పెద్ద చేప ఒకటి ఉందనీ, తల మాత్రం బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుందనీ చెప్పేవాడు. "అచ్చం నీ కుర్చీలో కూర్చున్న గిరాకీలా ఉంటుంది నాన్నా, నువ్వు చూసి తీరాలి" అని నా ప్రాణం తీసేవాడు. సరే పదరా అన్నాను. నడుంలోతు నీళ్లలోనే నా పని అయిపోయింది. మాస్కు పెట్టుకుని తల ముంచితే చాలు, మీసం దగ్గర సందు చేసుకుని నీళ్లు లోపలికొచ్చేవి. నాలుగుసార్లు మునిగాను, నాలుగుసార్లూ ముక్కు నిండా ఉప్పునీళ్లే. నేర్చుకోవడానికొచ్చిన ఆరుగురు చూస్తున్నారు.

"మీసం తీసేస్తే గానీ లాభం లేదు నాన్నా" అన్నాడు వాడు నవ్వుతూ. అందరూ నవ్వారు.

"ఈ మీసం నీకంటే పదేళ్లు పెద్దదిరా. మర్యాదిచ్చి మాట్లాడు" అని తడిబట్టలతోనే ఇంటికొచ్చేశాను.

అంతే, మాటల్లేవు. నాలుగు నెలలు, వాడు తిని లేచాకే నేను కంచం ముందు కూర్చున్నాను. దానికి తోడు, రోజూ మూతి నున్నగా గీసుకునేవాడు కాస్తా అప్పుడే మీసం పెంచడం మొదలెట్టాడు. నన్ను వెక్కిరించడానికే అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. ముందు వాడే మాట్లాడాలని భీష్మించుకు కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం వాణ్ణి లారీ గుద్దింది. ఇన్నేళ్లూ సముద్రం చెయ్యని పని రోడ్డు చేసింది.

వాడితో కలిసి నేర్పే అమ్మాయి నన్ను బాబాయ్ అంటుంది. వాడి సామాన్ల పెట్టె తీసుకెళ్లమని ఎన్నిసార్లు కబురు పెట్టినా, ఆ చేపను చూశాకే పెట్టె ముడతానని మొండికేశాను. సోమవారం నున్నటి మూతితో వెళ్లి నిలబడితే, ఆమె నా ముఖం చూసి ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

మూడు రోజులు నేర్పింది. నోటితోనే ఊపిరి తీసుకోవాలి, కిందికి దిగేటప్పుడు ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదాలి. మాస్కులోకి చుక్క నీరు రాలేదు. నాలుగో రోజు నా చెయ్యి పట్టుకుని అడుగుకి తీసుకెళ్లింది. రాతి సందులో అదుంది. నోరు తెరిచింది, మూసింది. ఇక సబ్బు నురగ రాయడమే తరువాయి. నాకు నవ్వొచ్చింది. వాడికి చూపిద్దామని పక్కకి తిరిగాను. పక్కన ఆ అమ్మాయి ఉంది.

ఒడ్డుకొచ్చి పెట్టె తెరిచాను. ఒక జత చెప్పులు, ఒక చొక్కా, ఒక చిన్న గుండ్రటి డబ్బా. డబ్బా మీద కాగితం అంటించి వాడి చేత్తో రాశాడు: నాన్న మీసానికి.

"ఇదేంటమ్మా?"

"గ్రీజు బాబాయ్. మీసానికి దట్టంగా రాస్తే మాస్కులోకి నీళ్లు రావు. మీసం తియ్యక్కర్లేదు." ఆమె ఇసుక వైపు చూస్తూ చెప్పింది. "మొన్న మీరలా వచ్చేసరికి చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"మరి వాడెందుకు చెప్పలేదు?"

"పనిచేస్తుందో లేదో చూశాక చెప్తానన్నాడు. మళ్లీ అందరి ముందూ మీ పరువు పోకూడదని. తన మీదే రాసుకుని చూసుకునేవాడు. అందుకేగా మీసం పెంచింది. మీదంత ఒత్తుగా అయ్యాక ఇంకొక్కసారి చూస్తానన్నాడు."

డబ్బా మూత తీశాను. సగం అయిపోయింది. మిగిలినదాంట్లో వాడి వేలు తీసిన గుంట అలాగే ఉంది. మూత పెట్టేశాను.

వాడి మీసం ఒత్తుగానే వచ్చింది. కుడివైపు కాస్త వంకర. కూర్చోబెట్టి సరిచేద్దామని ఎన్నిసార్లు నా చెయ్యి కత్తెర దాకా వెళ్లిందో. రారా కూర్చో, అని ఒక్క మాట అనలేకపోయాను.