మేగన్ సొంత భాష

పక్షవాతం వచ్చాక మేగన్ నోట ఇంగ్లీషు ఒక్క ముక్క రాలేదు. రిహాబ్ సెంటర్‌లో మంచం మీద కూర్చుని, తడబడుతూనే ఏదో గబగబా చెబుతోంది. "పాపం, ఏవో అర్థంలేని శబ్దాలు," అంది నర్సు.

చూడటానికి వచ్చిన గీతాంజలికి అలా అనిపించలేదు. కోవిడ్ రోజుల్లో విమానాలు ఆగిపోయి, ఆమె పురిటికి గుంటూరు నుంచి తల్లి రాలేకపోయింది. అప్పుడు అమెరికాలోని పిస్కాటవేలో పక్కింటి మేగనే మాస్కు పెట్టుకుని వచ్చి, పసిగుడ్డుకు నీళ్ళు పోసి, భుజాన వేసుకుని "కారియాద్, కారియాద్" అంటూ జోకొట్టేది. అదేమిటని అడిగితే, "బంగారుతల్లీ అని. మా వెల్ష్ భాషలో," అంది. వేల్స్‌లో పలకరాయి గనుల ఊళ్ళో పుట్టి, పెళ్ళయ్యాక అమెరికా వచ్చిన మనిషి. భర్త పోయాడు. పిల్లల్లేరు.

ఆ మాటల వరదలో ఇప్పుడు మళ్ళీ "కారియాద్" వినిపించింది.

"ఇది వెల్ష్! ఆవిడ తన భాషలో మాట్లాడుతున్నారు!" అంది గీతాంజలి.

నర్సు ఫోన్‌లో దుబాసీ కోసం ప్రయత్నించింది. వెల్ష్ వచ్చినవాళ్ళు దొరకలేదు.

ఇంటికొచ్చి గీతాంజలి భర్తతో చెప్పింది. "ఆంటీ ఏటా పెన్సిల్వేనియాలో ఏదో చర్చ్‌కి పాటలు పాడటానికి డ్రైవ్ చేసుకుని వెళ్ళేవారు కదా అఖిల్. ఆ సైడ్ కాల్ చేస్తా."

"ఏ చర్చో తెలుసా?"

"తెలీదు. దొరికేదాకా చేస్తా."

దొరికింది. ఇళ్ళకు పలకరాళ్ళు కప్పే పని చేసి రిటైరైన ఎమ్రిస్ అనే పెద్దాయన ఆ చర్చి నుంచి ఆ శనివారమే రిహాబ్ సెంటర్‌కు వచ్చాడు. వంగి, "బోరె దా," అని తన భాషలో శుభోదయం చెప్పాడు. మేగన్ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చాలాసేపు విన్నాక ఆయన నర్సు వైపు తిరిగాడు.

"పడిపోయినప్పుడు ఎడమ భుజానికి దెబ్బ తగిలిందట. ఆ వైపే పడుకోబెడుతున్నారట. వచ్చిన రోజు నుంచీ చెబుతూనే ఉందట."

ఎక్స్‌రేలో ఎముక చిట్లిందని తేలింది. నర్సు కళ్ళనిండా నీళ్ళతో క్షమాపణ అడిగింది. ఎమ్రిస్ గీతాంజలితో అన్నాడు: "ఇంకోటి కూడా అడుగుతోంది. మీ పాప బడికి వెళ్తోందా అని."

గీతాంజలి ఫోన్ తీసి, బడి సంచితో నిలబడ్డ పాప దియ ఫొటో మేగన్‌కు చూపించింది.

మరుసటి వారం చర్చివాళ్ళు కార్లలో వచ్చి, రిహాబ్ సెంటర్ హాల్లో నాలుగు శ్రుతుల్లో గొంతులు కలిపి వెల్ష్ భక్తిగీతాలు పాడారు. మాట తడబడే మేగన్, పాటలో ఒక్క పదం కూడా తప్పలేదు.

మార్చి మొదటి తేదీన, వేల్స్‌వాళ్ళ పండగ నాటికి మేగన్ ఇంటికి వచ్చింది. ఇంగ్లీషు సగమే తిరిగొచ్చింది. దియ ఆమె స్వెటర్‌కు పసుపుపచ్చ డాఫొడిల్ పువ్వు గుచ్చింది. గీతాంజలి గొర్రెమాంసం, ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు వేసి వాళ్ళ పండగ సూప్ కాచింది.

'థాంక్స్' అనే మాట గీతాంజలి రోజూ షాపులో కౌంటర్ దగ్గర కూడా అంటుంది. మేగన్ దగ్గర మాత్రం ఎన్నడూ నోరు రాలేదు, ఆ మాట చాలదనిపించి. అందుకే ఎమ్రిస్‌ను అడిగి వాళ్ళ మాటే నేర్చుకుంది.

"దియోల్క్, ఆంటీ."

మేగన్ తల అడ్డంగా ఊపి, తన గొంతు మీద వేలు పెట్టి, శబ్దం అక్కణ్ణుంచి రావాలని చూపించింది. "దియోల్ఖ్."

"అమ్మా, నువ్వు రాంగ్ చెప్తున్నావ్," అంది దియ.

ముగ్గురూ నవ్వుకున్నారు. గీతాంజలి మళ్ళీ చెప్పింది, ఈసారి మేగన్ చెయ్యి పట్టుకుని.