మోగని రాయి మీద కాలు

సంజీవయ్య తొమ్మిదోసారి లోయలో పడి చచ్చిపోయాడు. చెవుల్లో గాలి హోరుమంది, అడుగున నీళ్ళు దబ్బుమన్నాయి, ఆ తర్వాత ఒక ఆడగొంతు ఇంగ్లీషులో తాపీగా ఏదో చెప్పింది. ఆయన చచ్చినప్పుడల్లా ఆ గొంతు అదే మాట చెబుతుంది, బస్టాండులో కడప బస్సు ఆలస్యమని చెప్పినట్టు. హెడ్‌ఫోన్‌ని ఒక చెవి మీంచి పక్కకు జరిపి, బల్ల మీద చేత్తో తడిమి గ్లాసు అందుకుని, చల్లారిపోయిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు.

"మళ్ళా పడినావా పెద్దనాయనా?" అంది పక్క కుర్చీలోంచి లూదియా.

"నేను పడలే పాపా. నన్ను పడేసినారు."

ఆమె నవ్వి కాగితం మీద తొమ్మిది అంకె వేసింది. లూదియాది కోయిలకుంట్ల, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. సంజీవయ్య ఎన్నిసార్లు పడ్డాడు, ఎక్కడ తడబడ్డాడు, ఎందుకు తిట్టాడు అన్నవన్నీ చూసి రాయడం ఆమె ఉద్యోగం. పడటం ఆయన ఉద్యోగం.

నంద్యాలలో ఒక ఎరువుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. యూరియా వాసన మెట్లెక్కి అక్కడిదాకా వస్తుంది. దాన్ని నడిపేది రాజశేఖర్. ఎక్కడో తయారయ్యే వీడియో గేములను అమ్మకానికి పోకముందే ఆడి, తప్పులు పట్టి చెప్పడం వాళ్ళ పని. ఇప్పుడు ఆడుతున్న గేముకి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి ఉంది. సంజీవయ్య దాన్ని కొండాట అంటాడు. అందులో ఒక ఆడపిల్ల కర్ర పట్టుకుని ఒంటరిగా తిరుగుతుంటుంది. అడవులు, గుట్టలు, పాడుబడ్డ కోటలు, ఏర్లు. ఎటు పోవాలంటే అటు పోవచ్చు, ఎవరూ ఏమనరు.

ఈ గేమును చూపులేనివాళ్ళు కూడా ఆడేలా చేశామని కంపెనీ అంటోంది. అన్నందుకు చాలానే చేసింది, కాదనడానికి లేదు. దారి ఎటుందో గంట చప్పుడు చెబుతుంది. గోడ దగ్గరికొస్తే చేతిలో కంట్రోలర్ వణుకుతుంది. తెర మీది అక్షరాలను ఒక గొంతు చదివి పెడుతుంది. చూపు తక్కువైనవాళ్ళు రంగులు ముదురు చేసుకోవచ్చు, ఒంటిచేతి మనుషులు బటన్లన్నీ ఒక పక్కకు తెచ్చుకోవచ్చు. ఇన్ని చేసినవాళ్ళు ఆఖర్లో ఒక రాతి వంతెన కట్టారు. సంజీవయ్య ఆ వంతెన దగ్గరే నాలుగు రోజులుగా చస్తున్నాడు.

సాయంత్రం ఆరింటికల్లా ఒక ఫారం పోవాలి. అందులో అడిగేది ఒక్కటే: చూపున్నవారి సాయం లేకుండా గేమును చివరిదాకా ఆడగలిగారా? ముగ్గురు పరీక్షకులూ అవునంటే, చూపులేనివారు ఒంటరిగా ఆడవచ్చు అన్న ముద్ర వేసుకుని గేము దుకాణాలకు పోతుంది. ఒక్కరు కాదన్నా ముద్ర ఆగిపోతుంది. మిగతా ఇద్దరూ పుట్టుకతో చూపులేని కాలేజీ పిల్లలు, చెప్పింది చెప్పినట్టు పట్టేసి మొన్ననే అవునన్నారు. మిగిలింది యాభై నాలుగేళ్ళ సంజీవయ్య.

ఆయన మళ్ళీ హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. ఆ వేళ్ళు చూస్తే కంట్రోలర్ పట్టాల్సిన వేళ్ళని ఎవరూ అనుకోరు. కణుపులు ఉబ్బి, అరచెయ్యి బండబారి, ఎడమ బొటనవేలికి గోరు లేదు. ఆళ్ళగడ్డలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఉలి పట్టిన చేతులవి. దేవుళ్ళను చెక్కాడు, సింహాలను చెక్కాడు, చచ్చినవాళ్ళ విగ్రహాలకు మీసాలు చెక్కాడు. కుడికన్ను రాతి పెళ్ళ తగిలి పోయింది. ఎడమకన్ను నీటికాసులు పట్టి ఏడేళ్ళలో మెల్లమెల్లగా ఆరిపోయింది. ఆరిపోతున్న ఆ ఏడేళ్ళూ ఆయనకు పని ఇచ్చింది చెవి.

ఉలి పెట్టేముందు రాయిని తట్టి చూడాలి. జానెడు జానెడుకూ తడుతూ పోవాలి. ఖంగున మోగితే నిండు రాయి. దబ్బుమంటే లోపలెక్కడో చీలిక ఉన్నట్టు, పైకి ఎంత నున్నగా కనిపించినా సరే. ఆళ్ళగడ్డ రోడ్డు పక్క దుకాణాల్లో ఏ పెద్ద రాయి దిగినా సంజీవయ్యను పిలిచేవాళ్ళు. ఆయన చిన్న సుత్తితో చుట్టూ తట్టి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పి టీ తాగి వచ్చేవాడు. ఆ మాటకు ఎదురు ఉండేది కాదు.

ఈ వంతెన కట్టిన మహానుభావులు సరిగ్గా దాన్నే తిరగేశారు. గేములో పిల్ల కర్రతో ముందు కుడిఎడమల ఉన్న రెండు రాళ్ళనూ తడుతుంది. దబ్బుమంటే అడుగు వెయ్యొచ్చట. ఖంగుమంటే రాయి కూలుతుందట. మెత్తని చప్పుడు మంచిదనీ, గట్టి చప్పుడు ప్రమాదమనీ వాళ్ళకు ఎవరు చెప్పారో ఏమో. నేర్పే పాఠంలో ఆ ముక్క స్పష్టంగానే చెప్పారు, సంజీవయ్య మూడుసార్లు విన్నాడు, బట్టీ కూడా పట్టాడు. కానీ వంతెన మీద వాన కురుస్తుంది, వెనక తోడేళ్ళు తరుముతుంటాయి. ఆలోచించే వ్యవధి ఉండదు. ఖంగుమన్న రాయి వినబడగానే చెయ్యి దానంతట అదే ముందుకు తోస్తుంది. ముప్పై ఏళ్ళు నమ్మిన చప్పుడు కదా.

పదోసారి కూడా అంతే అయింది. పదకొండోసారి పళ్ళు బిగపట్టి, దబ్బుమన్న రాయి మీద కాలు పెట్టమని తనను తాను తిట్టుకుంటూ ఐదు రాళ్ళు దాటాడు. ఆరోదాని దగ్గర బొటనవేలు కదలలేదు. లోపల పగిలిన రాయి మీదికి ఒక ఆడపిల్లను తోస్తున్నట్టు అనిపించింది. ఆగాడు. తోడేళ్ళు అందుకున్నాయి.

పన్నెండోసారి వంతెన మధ్యలో ఉండగా లూదియా ఉండబట్టలేక గొణిగింది. "ఎడమ పక్కకు పో పెద్దనాయనా."

సంజీవయ్య హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చెప్తే నువ్వు దాటినట్టు, పాపా. నేను గాదు."

"యాడికి పోతాది ఈ మాట? ఈడ మనమిద్దరమే ఉండాం గదా."

"అందుకే జెప్తాండా."

ఈ మనిషికి ఆట మీద కోపం లేదని లూదియాకు తెలుసు. ఉన్నది ప్రేమ. ఇంట్లో భార్య నాగవేణి ఆయన్ని గడప దాటేటప్పుడు కూడా చెయ్యి పట్టుకునే దాటిస్తుంది. పొద్దున ఆళ్ళగడ్డలో బస్సెక్కించేది ఒక చెయ్యి, నంద్యాలలో దింపేది కండక్టర్ చెయ్యి. అందరూ మంచివాళ్ళే, అదే ఆయనకు మంట. కొండాట మొదలుపెట్టిన రెండో వారం, ఆ పిల్లతో అడవిలో ఏరు వెతుక్కుంటూ పోయి, గంట చప్పుడు పట్టుకుని ఒక్కడే అవతలి ఒడ్డుకు చేరాడు. నల్లద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటుంటే లూదియా చూసింది. దాన్ని మాత్రం ఆమె కాగితం మీద రాయలేదు.

నాలుగున్నరకు రాజశేఖర్ వచ్చాడు. బైకు తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ వెనక నిలబడ్డాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి, చెడ్డవాడు కాదు. పొద్దుట్నుంచీ ఆ ఫారం కోసం హైదరాబాదు నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

"ఏందన్నా, అయిందా?"

"కాలే సార్."

"మిగతా ఇద్దరూ దాటినారు. నీకొక్కనికే ఎందుకు వచ్చింది ఈ కష్టం? చప్పుళ్ళు తిరగేసి ఇంటాండావు, అంతే. అది నీ తప్పన్నా, గేము తప్పు గాదు."

సంజీవయ్య లేచాడు. గోడ పట్టుకుని వరండాలోకి పోయాడు. అక్కడ నేల బాగుచేయడానికి పెకలించిన నాపరాళ్ళు వారం రోజులుగా కుప్పగా పడి ఉన్నాయి, రోజూ ఆయన కాళ్ళకు తగులుతూనే ఉన్నాయి. కూర్చుని ఒక్కొక్క ముక్కను ఎత్తి వేలి కణుపుతో తడుతుంటే లోపల రాజశేఖర్ గడియారం చూసుకున్నాడు. కాసేపటికి సంజీవయ్య పలకంత ముక్కలు రెండు పట్టుకుని తిరిగొచ్చాడు.

"సార్, ఈ రెంట్లో పగిలింది యాదో చూసి చెప్పు."

రాజశేఖర్ చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి తిప్పి తిప్పి చూశాడు. రెండూ బూడిదరంగు, రెండూ నున్నగా ఉన్నాయి. "రెండూ ఒకే మాదిరి ఉండాయి గదన్నా," అన్నాడు.

"నీ తాళంచెవి ఇట్లియ్యి."

సంజీవయ్య ఒక ముక్కను అంచు దగ్గర రెండు వేళ్ళతో వేలాడదీసి తట్టాడు. ఖంగుమని మోగి, ఆ మోత గదిలో కాసేపు నిలిచింది. రెండోదాన్ని తట్టాడు. దబ్బుమంది, అక్కడికక్కడే చచ్చింది.

"ఇది మూగది. లోపల చీలిక ఉంది, నీ కండ్లకు ఆనదు. గుడ్డోడు చెవిని నమ్మి బతుకుతాడు సార్. ఎవని చెవి ఏం నేర్చుకునిందో వానికి ఎరుక. రంగులు మార్చుకునేకి మీట పెట్టినారు, బటన్లు మార్చుకునేకి పెట్టినారు. చప్పుడు మార్చుకునేకి ఒక్క మీట పెట్టమని రాయి. అది పెట్టినాక నేనే దాటి అవునని జెప్తా."

రాజశేఖర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "నువ్వు చెప్పేది నిజమే అన్నా. కాదనను. కానీ ఇప్పుడు కాదంటే ముద్ర ఆగిపోతాది, మళ్ళా పని మనకియ్యరు. ఈడ ఐదుగురం దీని మీదనే బతుకుతాండాం. ఒక పని చేద్దాం. పైన అవునని పెట్టు. నీ రాళ్ళ సంగతి కింద సూచన అని రాద్దాం. ఎవరికీ నష్టం లేదు."

సంజీవయ్య ముఖం రాయిలా అయిపోయింది. ఈ మాట ఆయన ఇంతకుముందు విన్నాడు.

పదకొండేళ్ళ కిందట. ఆరడుగుల ద్వారపాలకుడు, మోకాలి దగ్గర రాయి దబ్బుమంది. సంజీవయ్య చెప్పాడు. ముహూర్తం దగ్గరపడిందనీ, పైన జిగురూ రాతిపొడీ కలిపి పూత పూద్దామనీ, ఎవరికీ నష్టం లేదనీ దుకాణం యజమాని అన్నాడు. సంజీవయ్య సరేనని ఊరుకున్నాడు. పదిహేను రోజుల తర్వాత గొలుసులు వేసి లారీలోకి ఎత్తుతుంటే విగ్రహం సరిగ్గా ఆ మోకాలి దగ్గరే విరిగింది. కింద తోటి పనివాడు కొండయ్య ఉన్నాడు, ఇద్దరూ ఒకే పళ్ళెంలో అన్నం తిన్నవాళ్ళు. రాయి కొండయ్య కాలి మీద పడింది, ఆ కాలు ఈడ్చుకుంటూనే నడుస్తాడు ఇప్పటికీ. నువ్వు ముందే తట్టి చూసినావు గదా అని ఒక్కనాడూ అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే సంజీవయ్యకు ఇన్నేళ్ళూ అన్నం సయించేది.

"అడిగింది నేను దాటినానా అని. నేను దాటలే," అన్నాడు.

"అన్నా—"

"యాడో ఒకడు, నా మాదిరోడు, ఆ ముద్రను నమ్మి కొంటాడు సార్. ఇంట్లో చెయ్యి ఇడిపించుకుని కూర్చుంటాడు. చివరిదాకా ఒక్కడే వచ్చి, ఈడ పడతాడు. తప్పు తనదే అనుకుంటాడు. ఇంగ ఎప్పటికీ దాన్ని ముట్టడు."

ఆయన తన కుర్చీలో కూర్చుని, తడుముకుంటూ కీబోర్డు దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు. తెర చదివే గొంతు ఒక్కొక్కటీ చెబుతూ పోయింది. పరీక్షకుని పేరు. తేదీ. ప్రశ్న. అవును. సంజీవయ్య ఇంకొకసారి నొక్కాడు. కాదు. ఎంపికైంది. రాజశేఖర్ చెయ్యి ఆయన భుజం మీద పడింది, గట్టిగా కాదు. ఆ చెయ్యి ఏమడుగుతోందో ఆయనకు తెలుసు. ఆ బరువు అట్లా ఉండగానే నొక్కాడు.

పంపబడింది, అంది గొంతు.

చెయ్యి భుజం మీంచి లేచింది. తర్వాత రాజశేఖర్, "రేపు రావద్దులే అన్నా. ఏమన్నా ఉంటే నేనే ఫోన్ చేస్తా," అన్నాడు. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది.

"చెయ్యవులే సార్. అయినా ఏం అనుకోను."

సంజీవయ్య చొక్కా సర్దుకుని లేచాడు. మోగే రాయిని చంకలో పెట్టుకున్నాడు, వరండాలో కుప్ప మీద పెట్టి పోతానన్నాడు, మంచి రాయి, ఇక్కడుంటే పారేస్తారేమోనని. లూదియా బస్టాండు దాకా వస్తానని లేచింది.

"వద్దు పాపా. మెట్లు ఇరవై రెండు. దిగినాక ఎడమకు యూరియా వాసన, కుడికి రోడ్డు. నేను పోతా."

ఆయన మెట్లు దిగడం ఆమెకు పైకి వినబడింది. ఒక్కొక్క మెట్టూ, ఎక్కడా ఆగకుండా. కింద ఎవరో ఆటోవాడు చెయ్యి అందివ్వబోయినట్టున్నాడు, అక్కర్లేదప్పా అన్న మాట వినిపించింది. ఆ తర్వాత రోడ్డు రొదలో కలిసిపోయాడు.

రాజశేఖర్ ఫోన్ మోగుతుంటే పక్క గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. లూదియా కంప్యూటర్ ఆపి, గ్లాసు తీసి, బల్ల తుడుద్దామని గుడ్డ తెచ్చింది. కీబోర్డు పక్కన ఆ మూగ నాపరాయి ముక్క అట్లాగే ఉంది. చేతిలోకి తీసుకుని ట్యూబులైటు కింద పెట్టి, అటూ ఇటూ తిప్పి, అంచులు కూడా తడిమి చూసింది. నున్నగా, నిండుగా, ఎక్కడా గీతైనా లేకుండా ఉంది.