వెనక కుడి స్పీకరు

పెద్ద ఫిట్టరు గదిలో ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుని రిమోటు నొక్కాడు. ముందు వైపు ఎడమ మూల స్పీకరు పరీక్ష శబ్దంతో బుస్సుమంది. తర్వాత మధ్యది, ఆ తర్వాత కుడిది. శబ్దం వెనక్కి వెళ్లే వేళకి ఆయన, పక్కన నిలబడ్డ ఇంటాయన మొహం చూడసాగాడు. తెర మీద ‘వెనక కుడి’ అని వెలిగింది. ఇంటాయన కళ్లు తటాలున కుడి భుజం వైపు తిరిగాయి. ‘వెనక ఎడమ’ అని వెలిగింది. కళ్లు ఎడమకి వెళ్లాయి.

“సరిగ్గా ఉంది,” అన్నాడు పెద్ద ఫిట్టరు కసిరినట్టుగా.

ఆయన ఏం చెప్పినా కసిరినట్టే ఉంటుంది. దుకాణంలో అందరూ చాటుగా ‘చిటపట’ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. పొట్టి మనిషి, మందపాటి మెడ, ఎవరో ఇప్పుడే కాలు తొక్కినట్టుండే మొహం. గేమ్ కన్సోలు తెచ్చుకుని దాన్ని టీవీకి తగిలించుకోలేని జనమంటే ఆయనకి ఒళ్లు మంట. వాళ్లే లేకపోతే తనకి పని ఉండదన్న సంగతి ఆ మంటని చల్లార్చేది కాదు. కన్సోలు తీగని నేరుగా టీవీలో గుచ్చేసి, వేలకి వేలు పోసి కొన్న స్పీకర్లు మూగపోయాయని ఫోన్ చేసి అరుస్తారు. కన్సోలు నుంచి రిసీవరుకి, రిసీవరు నుంచి టీవీకి వెళ్లాలి. బొమ్మ ముందుకి పోతుంది, శబ్దాన్ని రిసీవరు ఆపుకుని ఐదు స్పీకర్లకీ పంచుతుంది. అంతే సంగతి. ఇది చెప్పీ చెప్పీ ఆయన నోరు చేదెక్కిపోయింది.

టీవీ బల్ల వెనక నుంచి ఆయన బావమరిది పాక్కుంటూ బయటికి వచ్చాడు. జుట్టు నిండా బూజు. ఆయన వైపు చూడకుండానే సంచీ సర్దాడు.

ఈ పనిలో ఇద్దరు ఉండాలి. ఒకడు బల్ల వెనక దూరి తీగలు గుచ్చాలి, ఒకడు కుర్చీలో కూర్చుని విని చెప్పాలి. మొదట్లో వంతులు వేసుకునేవారు. ఒకసారి బావమరిది మెట్ల మీద ఒక టీవీని జారవిడిచాడు. ఓనరు అడక్కుండానే వెళ్లి చెప్పింది బావే. ఆ రోజుతో కుర్చీ బావదైపోయింది, దుమ్ము బావమరిదిదైపోయింది, మాటలు తెగిపోయాయి. మిగిలినవల్లా పని మాటలు. వచ్చింది, రాలేదు, పీకు, గుచ్చు. ఒకరికి భార్యా ఇంకొకరికి అక్కా అయిన ఆవిడ మొహం చూసి ఒకే వ్యానులో ఎక్కుతున్నారు గాని, లేకపోతే చెరో ఊరు పట్టుకునేవారే.

ఇప్పుడు కుర్చీకే ముప్పు వచ్చింది. ఆ మధ్య వచ్చిన జ్వరం పోతూ పోతూ పెద్ద ఫిట్టరు కుడి చెవిని వెంటబెట్టుకు పోయింది. ఒంటి చెవికి శబ్దం వస్తోందని తెలుస్తుంది, ఎటు నుంచో తెలియదు. అప్పటి నుంచీ ఆయన ఇంటివాళ్ల కళ్లతో వింటున్నాడు. శబ్దం ఎటు వస్తే కళ్లు అటు పోతాయి, ఎంత పెద్దమనిషికైనా. ఈ కిటుకు తెలిసిపోతే కుర్చీ దిగాలి. మోకాళ్లు అరిగిన ఈ వయసులో బల్ల కింద దూరాలి, పైగా కుర్చీలో వాడు కూర్చుంటాడు.

“వాడికి చెప్పొచ్చుగా, వాడేమన్నా పరాయివాడా?” అంది పొద్దున భార్య, ఎడమ పక్కకి వచ్చి.

“వాడికి చెప్పడం కన్నా మైకు పెట్టి చాటింపు వేయించడం మేలు.”

రెండో ఇల్లు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పని చేయడం లేదు. తలుపు తీసినాయన డ్రైవింగు నేర్పే మాస్టారు. నేర్చుకోవడానికి వచ్చినవాడెవడో బ్రేకు బదులు ఇంకోటి తొక్కితే మెడ పట్టేసింది. గడ్డం కింద నుంచి భుజాల దాకా గట్టి పట్టీ వేశారు. పక్కకి తిరగాలంటే మొత్తం మనిషే తిరగాలి.

“పొద్దున్నించి చూస్తున్నాను. మీ దుకాణంలో గడియారాలు ఉండవా?”

“లిఫ్టు బాగుంటే ఇంకాస్త ముందొచ్చేవాళ్లం,” అన్నాడు పెద్ద ఫిట్టరు.

మాస్టారు సోఫాలో వెనక్కి వాలి, తలనొప్పిగా ఉందని కళ్లు మూసుకున్నాడు. బావమరిది బల్ల వెనక దూరాడు. వెనక స్పీకర్ల తీగలు గోడవారగా తెచ్చి రిసీవరుకి బిగించాడు. కన్సోలు తగిలించాడు.

“బొమ్మ?”

“వచ్చింది.”

పెద్ద ఫిట్టరు సోఫా పక్కన కుర్చీలో కూర్చుని రిమోటు నొక్కి మాస్టారు వైపు చూశాడు. మూసిన కళ్లు తెరుచుకోలేదు. మెడ కదిలే పరిస్థితిలో లేదు. బుస ఒక చుట్టు తిరిగొచ్చింది. ఆయన ఇంకోసారి తిప్పాడు. మాస్టారు చిట్లించిన మొహం అలాగే ఉంది. పెద్ద ఫిట్టరు ఎటు తిరిగి చూసినా, తల ఎటు వంచినా, శబ్దమంతా ఎడమ చెవిలోనే పోగుపడుతోంది.

బల్ల వెనక నుంచి బావమరిది గొంతు వచ్చింది. “ఎలా ఉంది?”

ఆ ప్రశ్న వాడు ఎప్పుడూ అడగడు. ఆ క్షణంలో అది ఆయనకి తట్టలేదు.

“సరిగ్గా ఉంది.”

తర్వాత మాస్టారు కళ్లు తెరిచి ఆట మొదలుపెట్టాడు. తెర మీద చీకటి గోదాము, చేతిలో తుపాకి. వెనక నుంచి అడుగుల చప్పుడు. మాస్టారు బొమ్మని గిర్రున కుడి పక్కకి తిప్పాడు. ఎడమ పక్క నుంచి ఎవడో వచ్చి పొడిచేశాడు. మాస్టారు కుడికాలు, అక్కడ లేని బ్రేకుని, నేలకేసి తొక్కింది. ఇంకోసారి ఆడాడు. ఇంకోసారి పొడిచారు.

“శబ్దం కుడి పక్క, మనిషి ఎడమ పక్క! ఇదా మీరు బిగించింది? సరిగ్గా ఉందని చెప్పిందెవరు? కూర్చుని కునుకు తీశావా? ఉండు, మీ ఓనరుతో మాట్లాడతా.”

పెద్ద ఫిట్టరు నోరు తెరిచాడు.

“తప్పు నాది సార్,” అంటూ బావమరిది బయటికి వచ్చాడు. “వెనక తీగలు తారుమారుగా పెట్టాను. ఆయన ఇంకోసారి చూసుకోమన్నాడు, నేనే బద్ధకించాను. ఇప్పుడే మార్చేస్తా.”

మాస్టారు గొణుక్కుంటూ, మనిషి మొత్తం తిరిగి, వంటింట్లోకి మాత్ర వేసుకోవడానికి వెళ్లాడు.

బావమరిది కుర్చీ దగ్గరికి నడిచాడు. కుడి పక్క ఖాళీగా ఉంది, దగ్గర కూడా. వాడు చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చి వంగాడు. అప్పుడు తెలిసింది పెద్ద ఫిట్టరుకి. వ్యాను దగ్గర, మెట్ల మీద, దుకాణంలో, వాడు చాలా రోజులుగా ఎడమ పక్కనే నిలబడుతున్నాడు.

“ఎప్పట్నించి తెలుసు?”

“జ్వరం తగ్గి పనిలోకొచ్చిన రోజే. నువ్వు సరిగ్గా ఉందన్న ప్రతిసారీ బల్ల వెనక నేను తీగలు మళ్లీ చూసుకున్నాకే బయటికొచ్చాను. ఇవాళ కావాలనే మార్చాను. ఒక్క మాట అడుగుతావేమోనని చూశా. ‘ఒరేయ్, వినపడట్లేదు, నువ్వు చూడు’ అని. చస్తే అడగవు కదా!”

“అడిగితే నవ్వేవాడివి.”

“నవ్వేవాణ్ణే. నవ్వి, చేసిపెట్టేవాణ్ణి.”

పట్టుబడితే ఎలా ఉంటుందో పెద్ద ఫిట్టరు చాలాసార్లు ఊహించుకున్నాడు. వాడు అందరి ముందూ నవ్వుతాడు, తను తిడతాడు, అక్కడితో సరి. ఇది ఊహించలేదు. తను దుమ్ములోకి నెట్టినవాడు ఆ దుమ్ములోంచే ఇన్నాళ్లూ తన కుర్చీని పట్టుకుని ఉన్నాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి, వినపడనిది కూడా. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది, వాడి మంచితనం మీద.

లేచాడు. “కూర్చో.”

“నీ మోకాళ్లు...”

“కూర్చోమన్నానా?”

ఆయన నేల మీద బోర్లా పడుకుని మోచేతుల మీద బల్ల వెనక్కి పాకాడు. లోపల వేడిగా ఉంది, దుమ్ము వాసన ముక్కుకి పట్టింది. రెండు జతల తీగలు విప్పి, ఇటుది అటూ అటుది ఇటూ బిగించాడు. కాస్త ఎక్కువసేపే పట్టింది.

“తిప్పు.”

బుస గది చుట్టూ తిరిగింది.

“సరిగ్గా ఉంది బావా.”

ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో. పెద్ద ఫిట్టరు బయటికి పాకి, గోడ పట్టుకుని లేచి, “వ్యాను దగ్గరుంటా, తాళాలియ్యి,” అన్నాడు. ఆ మాటలో కసురు లేదు.

బావమరిది మిగతా పని ముగించి, మాస్టారు పెట్టిన చీవాట్లన్నీ తిని, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే ఓనరు ఫోన్ చేశాడు.

“మీ బావ ఇప్పుడే మాట్లాడాడయ్యా. కుడి చెవి పోయిందట, రేపటి నుంచి రాడట. కుర్చీలో నిన్ను కూర్చోబెట్టమన్నాడు. టీవీ జారినప్పుడూ ఇంతే, నేను అడక్కుండానే వచ్చి చెప్పాడు. ఏం మనిషో!”

బావమరిది గబగబా వీధిలోకొచ్చి అటూ ఇటూ చూశాడు. ఆ చివర మలుపు దాకా ఎవరూ లేరు. “బావా!” అని ఒక కేక వేశాడు. ఏ చెవి అటు ఉందో, వినపడిందో లేదో.

వ్యాను తలుపు తీసే ఉంది. తాళాలు స్టీరింగుకి వేలాడుతున్నాయి. పక్క సీట్లో, బావ పైన తొడుక్కునే దుకాణం పేరున్న చొక్కా మడత పెట్టి ఉంది, రెండు మోచేతుల దగ్గరా బల్ల వెనకటి దుమ్ముతో.