మేనకోడలి రేటు

దేముడమ్మకి భయపడ్డానికి పెద్ద కారణం అక్కర్లేదు. కారణం లేకపోతే, ఇంత నిమ్మళంగా ఉందంటే ఏదో ముంచుకొస్తోందని భయపడుతుంది. కూతురు విశాలి మొదటిసారి కెమెరా మెడకి తగిలించుకున్న రోజున ఆవిడ కెమెరాని చూడలేదు, దాని తాడుని చూసింది. మెడకి తాడేటే అని గుండె బాదుకుంది. ఆ తరవాత కెమెరా హోమంలో పడిపోతుందని, పందిట్లో వైర్లు తొక్కితే పిల్లకి షాకు కొడుతుందని, స్టూలు మీంచి జారి పెళ్ళికొడుకు ఒళ్ళో పడితే అక్కడికక్కడే పీటల మీద మనిషిని మార్చాల్సొస్తుందని బెంగపెట్టుకుంది. రెండేళ్ళయినా వీటిలో ఒక్కటీ జరగలేదు. జరగకపోయేసరికి ఆవిడ భయం ఇంకా పెరిగింది. అన్నీ కలిపి ఒకేసారి వస్తాయి కాబోలు అనుకుంది.

ఇన్ని భయాల్లోనూ ఆవిడకి తట్టనిది ఒకటే, చేసిన పనికి డబ్బు సరిగ్గా రాదేమోనని. ఎలా తడుతుంది? పని ఇచ్చినవాడు సొంత అన్న.

ఆ అన్న పేరు జగన్నాధం. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళకి ఆయన ఫస్టు కెమెరా, మేనకోడలు సెకండు కెమెరా. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి మగాళ్ళని రానివ్వరు కాబట్టి అక్కడ ఫోటోలు సెకండు కెమెరాయే తియ్యాలి. మంగళస్నానాలూ అదే తియ్యాలి. సంచీలు కూడా అదే మొయ్యాలి. ఫస్టు కెమెరా మొదటి బంతిలో భోంచేసి వచ్చేవరకూ మండపం దగ్గర కాపలా కాయాలి. దీనికంతటికీ జీతం ఎంతంటే జగన్నాధం నొచ్చుకునేవాడు. మేనకోడలికి కూలి కడతానా, అది పరాయిదా అనేవాడు. నొప్పి తగ్గాక ఒకసారి వెయ్యి, ఒకసారి పదిహేనొందలు చేతిలో పెట్టేవాడు. వాన కురిసిన పెళ్ళికి ఐదొందలు, ఆ వానని విశాలే వెంటబెట్టుకొచ్చినట్టు. దసరాకి ఒక డ్రెస్సు ముక్క. రెండు దసరాలకీ ఒకే పువ్వుల గుడ్డ, ఆ తానుగుడ్డ మొత్తం ఒకేసారి కొన్నాడేమో మరి. ఆయన ప్రేమలో కల్తీ లేదు. గిట్టుబాటు ఉంది, అంతే.

ఇలా సాగుతుండగా విశాఖపట్నం స్టూడియో ఒకటి విశాలిని పిలిచింది. నెల జీతం, ఉండడానికి గది. విశాలి నెల్లిమర్లలో ఇంటి గుమ్మం మీద కూర్చుని తల్లికి సంగతి చెప్పేసింది.

"మావయ్య పెళ్ళికింతని నోటితో ఒక మాట సెప్తే ఉంటానమ్మా. నేకపోతే ఒకటో తారీకున ఎలిపోతాను. నువ్వే అడుగు. నేనడిగితే మా బంగారుతల్లి అని నెత్తి నిమిరి పంపించేత్తాడు."

విశాఖపట్నం అనేసరికి దేముడమ్మకి కళ్ళు తిరిగాయి. సముద్రం పక్కన ఊరు కట్టుకున్నవాళ్ళ తెలివి ఏపాటిదో ఆవిడకి ముందునుంచీ అనుమానమే. హాస్టలు సాంబారు, లిఫ్టులో మధ్యలో పోయే కరెంటు, తుఫాను హెచ్చరికలు, పిల్ల ఒంటరితనం అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వీటికంటే అన్నని డబ్బడగడమే నయమని తేల్చుకుంది. అది కూడా చిన్న భయం కాదు. ఆడపడుచు పుట్టింటికెళ్ళి పసుపుకుంకాలు తెచ్చుకుంటుంది గానీ రేటు మాట్లాడుతుందా?

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి ఇద్దరి మధ్యలో ఇరుక్కుని కూర్చుంది. బోల్తా కొడితే ఏ పక్కకి పడినా కింద ఎవరో ఒకరుంటారు.

స్టూడియో గుమ్మం మీద కొత్త ఫ్లెక్సీ కట్టారు. ఏడో తరగతి చదువుతో దేముడమ్మ దాన్ని కూడబలుక్కుంటూ చదివింది. 'పెళ్ళికూతురి కోసం ప్రత్యేకం, లేడీ ఫోటోగ్రాఫర్.' పక్కన నిలువెత్తు బొమ్మ, మీసాలతో సహా జగన్నాధానిది.

లోపల శివాజీ అనే డ్రోను అతను కూర్చున్నాడు. వచ్చే వారం పాతపట్నం పెళ్ళికి అతను డ్రోను ఎగరెయ్యాలట. జగన్నాధం మారుమాట లేకుండా ఫోన్లో సగం డబ్బు పంపేశాడు. అతను టీ తాగి వెళ్ళిపోయాక దేముడమ్మ మెల్లిగా కదిపింది.

"ఆ ఎగిరీదానికి ఎంతన్నియ్యా?"

"పెళ్ళికి ఎనిమిదివేలు. రేటంతే."

"అది మనకేటవుతాది?"

"డ్రోను మనకేటవుతాదే?"

"అదే అంటన్నాను. ఏటీ కాదు కాబట్టి పెట్టి పుట్టింది."

జగన్నాధానికి అర్థం కాలేదు, లేక అర్థం కానట్టు టీ ఊదుకున్నాడు. దేముడమ్మ ఆటోలో నెమరేసుకుంటూ వచ్చిన మాట బయటికి రానంది గానీ, దాని వెనకాల వరసకట్టిన భయాలు ఊరుకోలేదు. పాతపట్నం పెళ్ళిలో పిల్ల చేతిలో కెమెరా పడిపోతే ఎలాగని అడిగింది. పడితే దానిదే పూచీ, దాని చేతిలోది కదా అన్నాడు జగన్నాధం. నీకు జ్వరమొస్తేనో అంది. అన్నీ అదే చూసుకుంటుంది, రెండేళ్ళయ్యింది, దానికి రానిదేముంది అని గర్వంగా చెప్పాడు. ముహూర్తం వేళకి ఇంతలావు మనిషివి నువ్వుండగా ఆ పిల్ల మళ్ళీ మండపం మీదకి ఎక్కడం ఎందుకు, బరువుకి మండపం కూలిపోతే అంది.

ఈ మాటకి జగన్నాధం పాఠం చెప్పాడు. జీలకర్రా బెల్లం పెట్టే వేళ తెర తీస్తారు. పెళ్ళికొడుకు మొహం కావాలంటే పెళ్ళికూతురి వెనకాల నిలబడాలి. పెళ్ళికూతురి మొహం కావాలంటే పెళ్ళికొడుకు భుజం వెనకాల నిలబడాలి. ఒక్క మనిషి రెండు చోట్లా ఉండలేడు. పాతపట్నంలో బిల్లు కట్టేది పెళ్ళికొడుకువాళ్ళు కాబట్టి ఆ మొహం తనది, పెళ్ళికూతురి మొహం విశాలిది.

"మరి పెళ్ళికూతురి మొహం తప్పిపోతే?"

"తప్పిపోతే ఇంకేటుంది? మళ్ళీ తెర కట్టి ముహూర్తం పెట్టమంటామేటి?"

"ఎవుల్ని తిడతారు?"

"దాన్నే. నాకు వీపు కనిపిస్తాది, మొహం కనిపిస్తాదా?"

దేముడమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. కూతురు అంత పెద్ద ప్రమాదంలో ఉందని ఆవిడకి ఇంతవరకూ తెలీదు. షాకులూ హోమాలూ దీని ముందు ఏపాటి.

"అయితే అటుపక్క సెకండెవులు, అన్నియ్యా?"

"సెకండేటి?"

"తెరకి అటుపక్క. తిట్లు తినడానికి అదొక్కర్తే ఉంటే, మరక్కడ ఫస్టెవులు?"

జగన్నాధం టీ ఊదుకోబోయాడు, గ్లాసు ఖాళీ.

దేముడమ్మ చెంగు బిగించి లేచింది. ఆవిడ బెదిరించలేదు. బెదిరిపోయింది. ఒకరి ఇంటి ముహూర్తం తప్పిపోయిన పాపం తన పిల్ల నెత్తిన పడుతుంటే చూస్తూ ఊరుకోలేనని, పాతపట్నం పంపించనని, దీనికంటే ఆ విశాఖపట్నమే నయమని, అక్కడ మహా అయితే తుఫానే కదా వస్తుందని చెప్పేసింది. విశాఖపట్నం సంగతి జగన్నాధం వినడం అదే మొదలు. గుమ్మం మీద ఫ్లెక్సీ గాలికి టపటపా కొట్టుకుంది. పాతపట్నంవాళ్ళు అడ్వాన్సు ఇచ్చిందే దాని మీద లేడీ ఫోటోగ్రాఫర్ అన్న మాట చూసి.

"కూసోయే. ఇంతోటిదానికి ఎలిపోతావేటి? దాని సేతిలో రెండువేలు పెడతాను."

"రెండువేలకి ఊరందరిసేతా తిట్లు తినాలా?"

"మూడు."

"పాతపట్నం నించి అంత పొద్దోయాక బస్సులుండవు."

"నా కారులోనే దింపుతాను."

"కారు బోల్తా కొడితే?"

"నాలుగు," అన్నాడు జగన్నాధం. కారు బోల్తాకి వెయ్యి పడింది. ఆవిడ ఇంకో భయం కోసం వెతుక్కునేలోపు చేతులెత్తేశాడు. "నీకు దండం పెడతాను, ఎంతియ్యాలో నువ్వే సెప్పు."

"డ్రోనుకిచ్చినంతియ్యి."

"ఒసే, డ్రోను శివాజీది. లచ్చలు పెట్టి కొనుక్కున్నాడు, పడితే వాడిదే. ఇది నా కెమెరా."

"పడితే మాత్రం విశాలిది అన్నావు. పడీవరకూ నీది, పడ్డాక దానిదీనా? తిట్లకాడ అది ఫస్టు కెమెరా, పడిపోయినకాడ సొంతదారు, రేటుకాడికొచ్చీసరికి మేనకోడలేటన్నియ్యా?"

ఇది తెలివితో అన్న మాట కాదు. కెమెరా ఖరీదు కట్టాల్సొస్తే ఇల్లు అమ్మాల్సొస్తుందని ఆవిడ అప్పటికే సామాన్లు మూట కట్టేసుకుంది మనసులో. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. జగన్నాధం ఆ నీళ్ళని కాసేపు చూశాడు. చెల్లెలి పెళ్ళిలో ఫోటోలు తీసింది తనే. అప్పుడు కూడా ఇవే నీళ్ళు, కరెంటు పోతుందని.

"సరే విను," అన్నాడు, ఈసారి టీ ఊదుకోకుండా. "కెమెరా నాది, పడినా నాదే పూచీ. ఎనిమిదిలో కెమెరా అద్దె కింద రెండు తీసీగా ఆరువేలు. పెళ్ళికి ఆరు. వాన కురిసినా ఆరే. దానికి ఫోన్ సేసి సెప్పు."

దేముడమ్మ గుమ్మంలోకెళ్ళి ఫోన్ చేసింది. ఆరువేలనేసరికి అవతల విశాలి కెవ్వుమంది. పిల్లకి షాకు కొట్టిందేమోనని దేముడమ్మ హడలిపోయింది.

"నిజంగా అడిగీసావేటమ్మా?"

"నానేటడిగానే? భయపడ్డానంతే."

విశాలి నవ్వింది. అయితే ఉంటాను, విశాఖపట్నంవాళ్ళకి రానని చెప్పేస్తాను అంది. ఆ సంతోషంలోనే, ఇంక బస్సుల కోసం కాసుక్కూర్చోనక్కర్లేదు, పెళ్ళికింతని వస్తుంది కాబట్టి వాయిదాల మీద స్కూటీ తీసుకుంటానని కూడా చెప్పి పెట్టేసింది.

దేముడమ్మ వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూలబడింది. ఏమైందని అడిగాడు జగన్నాధం.

"బండి కొంటాదట."

"మంచిదే కదా. కొననీ."

"పడిపోతే?"

ఆ మాట ఖరీదెంతో జగన్నాధానికి అప్పటికే తెలుసు. లోపల లైటు వెలుగుతూ వదిలేశానంటూ లేచి వెళ్ళి తలుపేసుకున్నాడు.