తాండూరు వైపే

ఎగ్జిబిషన్ మొదలయ్యేలోగా ఎల్లప్ప చేయవలసిన పనులు ఇవి. ఆట రైలు ఇంజను చక్రాలను కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. డబ్బాలన్నిటికీ చక్రాల మధ్య ఎడం ఒకేలా ఉందో లేదో చూడాలి. పట్టాల అతుకుల మీద వేలు నడిపి, గీసుకున్న చోట ఆకురాయి పట్టాలి. వంపు పాయింటులో అటూ ఇటూ జరిగే నాలుకలు పక్క పట్టాకు సరిగ్గా ఆనుతున్నాయా అని కాగితం ముక్క దూర్చి చూడాలి. వికారాబాదు, తాండూరు, బీదరు అని రాసిన అట్టముక్కలు నిలబెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా తల్లి రుక్కమ్మను గనికి పోకుండా ఆపి, ఉతికిన చీర కట్టించి బడికి తీసుకురావాలి.

డెబ్భై ఎనిమిదో సంవత్సరం. ఎల్లప్ప తాండూరులో ఒక బడికి సైన్సు సారు. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివినవాడు అతనొక్కడే. ఆ చదువంతా రుక్కమ్మ బండల గనిలో నాపరాళ్లు లేపి చెప్పించిందే. డ్రాయింగు సారు బాల్‌రాజ్‌ది వికారాబాదు. రోజూ రైల్లో వచ్చిపోయేవాడు. బడి అయ్యాక సాయంత్రం రైలు వేళ దాకా ఎల్లప్ప ఇంట్లోనే కూర్చునేవాడు. రుక్కమ్మ పెట్టే జొన్న రొట్టె తినేవాడు.

హైదరాబాదు జుమ్మేరాత్ బజార్లో దొరికిన పాత విదేశీ ఆట రైలుతో ఇద్దరూ కలిసి తమ లైనునే కట్టారు. వికారాబాదు దాటగానే దారి రెండుగా చీలుతుంది. లోపలి వంపు తాండూరుకు, బయటి వంపు బీదరుకు. బండిని ఈ దారి నుంచి ఆ దారికి తిప్పేది వంపు పాయింటు. చిక్కంతా దానితోనే వచ్చింది. బీదరు వైపు బండి నెమ్మదిగా తిరిగేది. తాండూరు వైపు తిప్పితే మాత్రం ఇంజను పట్టా ఎక్కి పక్కకు ఒరిగేది.

తాండూరంటేనే నాపరాళ్లు కదా, పట్టాలు పరచడానికి చెక్క బదులు బండలే వాడారు. నున్నగా, సమంగా ఉంటాయనుకున్నారు. పాయింటు సరిగ్గా రెండు బండలు కలిసే జోడు మీద పడింది. ఎండకు ఒక బండ వెంట్రుకంత లేచినా చాలు, వంపులో చక్రం నిలవదు. ఈ సంగతి ఎల్లప్పకు తెలిసేసరికి వేసవి గడిచిపోయింది.

"అవ్వా, పాయింటు కింద జోడు లేకుండ ఒక్కటే ఎడల్పు బండ కావాలె," అన్నాడు తల్లితో.

"నీ రైలుకు నా బండ కావాల్నా? అయితే నేనే నడిపిస్త మరి," అని నవ్వింది రుక్కమ్మ. గని మేస్త్రీని బతిమాలి మంచి బండ తెచ్చింది.

ఒకే బండ మీద పాయింటు కుదురుగా కూర్చుంది. ఎల్లప్ప నాలుకల కొసలు అరగదీశాడు, బండిని నిదానంగా తోలాడు. ఆ వారమంతా ఒక్కసారి కూడా పడలేదు.

"ఇయ్యాల ఆఫీసర్ ముంగట పడితే?" అన్నాడు బాల్‌రాజ్, ఎగ్జిబిషన్ రోజు పొద్దున. "ఇజ్జత్ పోతది మనది."

"పడదు. ఫికర్ చేయకు. తాండూరు దిక్కు మా అవ్వనే తిప్పుతది. హెడ్మాస్టర్ కరీముద్దీన్ సాబు గూడ సరే అన్నడు."

"సరే తీ. నువ్వు పోయి అవ్వను తోల్కరా. గీ మిగిలిన పని నేను జూస్త."

ఎల్లప్ప నమ్మి వెళ్లాడు. పాయింటు దగ్గర కాగితం ముక్క దూర్చి చూడడమొక్కటే మిగిలింది.

హాలు నిండిపోయింది. విద్యాశాఖ ఆఫీసరు వచ్చాడు. రుక్కమ్మ కొంగు తల మీదికి లాక్కుని బల్ల దగ్గర నిలబడింది. బండి వికారాబాదు అట్టముక్క దాటుతుండగా తాండూరుకు తిప్పడానికి ఎల్లప్ప చెప్పినట్టే పాయింటు లివరును తన వైపుకు లాగింది. బండి ఆగకుండా, ఒరగకుండా, నిక్షేపంగా బీదరుకు పోయింది.

హాలంతా గొల్లున నవ్వింది.

"అవ్వ ఉల్టా లాగింది సార్!" అన్నాడు బాల్‌రాజ్, అందరికన్నా గట్టిగా నవ్వుతూ. "పాపం, కొత్త గదా."

ఎల్లప్ప వంగి చూశాడు. నాలుకలు బీదరు వైపుకే ఉన్నాయి. వాటి కొసను పట్టాకు అతికిస్తూ మినపగింజంత టంకం బొట్టు మెరుస్తోంది. లివరును పాయింటుకు కలిపే తీగ కొక్కెం ఊడదీసి ఉంది. లివరు ఎటు లాగినా పాయింటు కదలదు.

"సార్, మా అవ్వ సక్కగనే లాగింది! గిది అతికిచ్చిండ్రు!" అన్నాడు ఎల్లప్ప. ఆఫీసరు అప్పటికే పక్క బల్ల దగ్గర ఉన్నాడు. వెనకనున్న వాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

బాల్‌రాజ్‌ను వరండాలో పట్టుకున్నాడు.

"నీ కోసమే జేసిన్రా," అన్నాడు బాల్‌రాజ్. "బండి పడలే గదా?"

"పడితే పడనీ! నా పాయింటు మీద నమ్మకం లేకుంటే నాకు జెప్పాలె. మా అవ్వ మీద ఎందుకేసినవ్?"

"అందరు జూస్తున్నరు, ఏదో ఒకటి అనాలె గదా. నోట్లకెల్లి అచ్చింది."

"ఇంటికి నడువు. ఆమెకు నువ్వే జెప్పు."

"రైలుకు టైమైతుంది. రేపొస్త."

ఆ రేపు రాలేదు. బాల్‌రాజ్ ఎల్లప్ప ఇంటి వైపు తిరగడమే మానేశాడు. కొన్నాళ్లకు వికారాబాదుకే బదిలీ చేయించుకున్నాడు.

ఎల్లప్ప టంకం కరిగించి, తల్లిని బడికి పిలిచాడు. ఆమె రాలేదు. కొక్కెం సంగతి, టంకం సంగతి విడమరిచి చెప్పాడు. రుక్కమ్మ అరచేతులు తిప్పి చూసుకుంది.

"బండలు లేపిన చేతులు కొడుకా. గసొంటి నాజూకుది నాకు పట్టరాదు. నన్ను ఊకోబెట్టనీకి ఎందుకు తిప్పలు పడుతవ్?"

"అబద్ధం గాదవ్వా. బాల్‌రాజే జేసిండు."

"గట్లనకు," అంది రుక్కమ్మ కసిరినట్టు. "గా పిలగాడెందుకు అబద్ధమాడుతడు? మనింట్ల రొట్టె తిన్నోడు."

బాల్‌రాజ్ మాటే ఆమెకు నిజమైంది, కొడుకు మాట ఓదార్పైంది. ఎనభై మూడులో ఆమె పోయేదాకా ఆ సంగతి అట్లాగే ఉండిపోయింది. ఆ బడిలో చదివినవాళ్లు ఇప్పటికీ ఎక్కడన్నా కలిస్తే అడుగుతారు: "సార్, రైలును బీదరుకు తోలిన ముసలమ్మ యాదికుందా?"

నాపరాయి పరిచిన ఇంట్లో మీరు ఎప్పుడైనా అడుగు పెడితే, దయచేసి రుక్కమ్మను ఒకసారి తలచుకోండి. ఆమె తాండూరు వైపే లాగింది.