మగ్గం చప్పుడు లేని చోట

మగ్గానికి నూలు కండెలు చుడుతున్న మునిలక్ష్మి చెయ్యి ఆగింది. ఎదురుగా భర్త రామాంజినప్ప గోడకేసి చూస్తూ రేపటి ఉపన్యాసం చెప్పుకుంటున్నాడు. యుద్ధం పుణ్యమా అని నూలుకు కంట్రోలు వచ్చి, చాలినంత దొరక్క పేటలో సగం మగ్గాలు మూలనపడ్డాయి. రేపు నేతగాళ్ల సంఘం సభకు నూలు పంచే ఆఫీసరు వస్తున్నాడు. ఈయన మాట ఆయన చెవికెక్కితే సరి, లేకపోతే పస్తులే.

"నేసేవాడి కడుపు కొడితే ఊరికి గుడ్డ యాడిది?" అని అరిచాడు రామాంజినప్ప.

పుట్టినప్పటి నుంచీ మగ్గం చప్పుడు మీద మాట్లాడిన గొంతు అది. పేటలో అందరి గొంతూ అంతే, చేబదులు ఉప్పు అడిగినా జగడంలా ఉంటుంది. మాట మంచిదే గానీ కొత్తవాడికి తిట్టులా తగులుతుంది. చెబుదామా? పెళ్లయిన కొత్తలో చీర అంచు రంగు కుదరలేదన్నందుకు, "నీకేం తెలుసు, కండెలు చుట్టు" అన్నాడు. అప్పటి నుంచీ చుడుతూనే ఉంది. ఆ చుట్టినదానికి కూలి లేదు, చుట్టకపోతే చీరే లేదు. ఆ సంగతి ఎవరి ఉపన్యాసంలోనూ రాదు. అయినా పస్తులు ఆమెకూ పస్తులే కదా. గుండె చిక్కబట్టుకుంది.

"మాట బాగుండాది. ఆ గుడ్డ మాట ఇంకా బాగుండాది. కానీ సభలో మగ్గాలుండవు. ఇంత గట్టిగా అంటే కొట్లాటకొచ్చినావనుకుంటాడు. మెల్లగా చెప్పు. ఆ మాట కాడ రవ్వంత ఆగి ఆయప్ప మొగం చూడు."

వంటింట్లోంచి అత్త గౌరమ్మ, "మొగుడికి మాటలు నేర్పే ఆడదాన్ని ఇప్పుడే చూస్తా ఉండాను" అంది.

మునిలక్ష్మికి మొహం మాడిపోయింది. రామాంజినప్ప మాత్రం కోప్పడలేదు. తల గోక్కుని, గొంతు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి వింటుంటే ఆమెకు కళ్లు చెమర్చాయి.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి అతని కాళ్లు నేల మీద లేవు. నూలు ఇస్తామన్నారట.

"ఇంత బాగా మాట్లాడేది యాడ నేర్చినావప్పా అని అందరూ అడిగినారు!"

"నువ్వేమన్నావు?"

"దానంతట అదే వచ్చేసిందని చెప్పినా." ఆమె మొహం చూసి నసిగాడు. "నలుగురిలో పెండ్లాం పేరు ఎట్ల చెప్పేది?"

ఆమె మళ్లీ కండె అందుకుంది. అతనికే ఉండబట్టలేదు. మనసు చెడ్డది కాదు.

"వచ్చే సభలో కండెలు చుట్టే ఆడోళ్ల కూలి గురించి కూడా మాట్లాడతాలే. ఎట్ల చెప్పాలో నువ్వే చెప్పు."

మునిలక్ష్మి లేచి, చీర కొంగు నడుముకు దోపుకుంది.

"ఆ మాట సభలో నేనే చెప్తా. ఇప్పుడు నువ్విట్ల కూర్చోని విను. యాడ బాగలేదో చెప్తే దిద్దుకుంటా."